సవరణ: అంతరిక్షంలో మంట దానంతటదే ఆరిపోతుందా?

"భారరహిత స్థితిలో మంట ఎక్కువసేపు నిలవదు" అని ముందు రాసిన వాక్యానికి ఒక షరతు చేర్చాలి: చుట్టూ గాలి కదలకుండా ఉంటేనే. భూమ్మీద వేడిగాలి పైకి లేచి, కింది నుంచి కొత్త ఆక్సిజన్‌ను లాక్కొస్తుంది. భారరహిత స్థితిలో ఆ కదలిక ఉండదు కాబట్టి చిన్న మంట గుండ్రంగా, నీలంగా మారి చాలాసార్లు ఆరిపోతుంది. కానీ వ్యోమనౌకలో ఫ్యాన్లు తిరుగుతూనే ఉండాలి; లేకపోతే వదిలిన కార్బన్ డయాక్సైడ్ వ్యోమగాముల ముఖాల దగ్గరే పేరుకుపోతుంది. సెకనుకు కొన్ని సెంటీమీటర్ల వేగంతో గాలి వీచినా చాలు, మంట బతుకుతుంది. అసలు టెన్షన్ ఇక్కడుంది: అలాంటి నెమ్మది గాలిలో కొన్ని పదార్థాలు భూమ్మీద అంటుకోనంత తక్కువ ఆక్సిజన్‌లోనూ కాలుతాయి. అంటే నేల మీది పరీక్షలో పాసైనంత మాత్రాన పూర్తి భరోసా లేదు. నాసా 2016లో మొదలుపెట్టిన సఫైర్ ప్రయోగాలు ఇందుకే. అంతరిక్ష కేంద్రాన్ని వదిలిన సిగ్నస్ సరుకు నౌకల్లో, మనుషులెవరూ లేనప్పుడు, పెద్ద ముక్కల్నే కాల్చి చూశారు. మొదటిసారి కాల్చిన బట్ట దాదాపు మీటరు పొడవు.

1997లో రష్యా అంతరిక్ష కేంద్రం మీర్‌లో వచ్చిన మంటను ఈ లెక్కలో వేయకూడదు. అది ఆక్సిజన్ పుట్టించే డబ్బాలో వచ్చింది. తనకు కావలసిన ఆక్సిజన్ తనే ఇచ్చుకునే మంటను ఫ్యాన్లు ఆపి ఆర్పలేరు.