బహుళ విశ్వాల వారికి, ఉభయ కుశలోపరి

అయ్యా,

ఉభయ కుశలోపరి అని రాశానే గానీ, మా విశ్వం ఒక్కటే కాదు, ఇంకా ఎన్నో ఉన్నాయనే ఊహ మీరు; ఉభయులతో సరిపెట్టుకునే రకం కాదు. పదార్థమంతా అతి చిన్న తీగల కంపనాలేననే స్ట్రింగ్ సిద్ధాంతం వాళ్ల లెక్కలో ఒకటి పక్కన 500 సున్నాలు పెట్టినన్ని రకాల విశ్వాలకు చోటుందట. అందరి క్షేమం అడగాలంటే ఇన్‌లాండ్ లెటర్ చాలదు.

మీ నాన్నగారు ఇన్‌ఫ్లేషన్ సిద్ధాంతం నాకు తెలుసు. ఆ పేరు వింటే మాకు కందిపప్పు ధర గుర్తొస్తుంది గానీ, మనిషి బుద్ధిమంతుడు. ఆకాశంలో ఏ మూల చూసినా మహావిస్ఫోటం తాలూకు వేడి 2.7 కెల్విన్లే ఎందుకుంది, తేడా లక్షలో ఒక వంతే ఎందుకని అందరూ తల పట్టుకున్నారు. ఉబ్బకముందు ఆ మూలలన్నీ పక్కపక్కనే ఉండేవని, విశ్వం రెప్పపాటు కూడా పట్టకుండా ఉబ్బిపోయిందని భౌతిక శాస్త్రవేత్త ఆలన్ గూత్ 1981లో చెప్పాడు. సరే అనుకున్నాం. ఆ ఉబ్బడం అన్నిచోట్లా ఒకేసారి ఆగదని విలెంకిన్, లిండే అనే శాస్త్రవేత్తలు తేల్చాక మీరు పుట్టారు. పెనం మీద అట్టుకు బుడగలు లేచినట్టు విశ్వాలు లేస్తూనే ఉంటాయట. ఒక బుడగలో మేము.

నాన్నగారు పరీక్షకైనా కూర్చున్నారు. 2014 మార్చిలో దక్షిణ ధ్రువం టెలిస్కోపులో ఆయన వేలిముద్రలు దొరికాయన్నారు. లిండే ఇంటి తలుపు తట్టి మరీ చెప్పారు, షాంపేన్ సీసా తెరిచారు, వీడియో తీశారు. మరుసటి ఏడాది, ఆ మహావిస్ఫోటం వేడినే కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం వాళ్లతో కలిసి చూస్తే, ఆ గుర్తుల్లో చాలావరకు మన పాలపుంతలోని దుమ్మే! దుమ్ము దులపకుండా చుట్టాలను పిలిస్తే ఏమవుతుందో మా అమ్మనడిగితే చెప్పేది.

మీ దగ్గర ఆ మాత్రం దుమ్ము కూడా లేదు. రుజువేదంటే, వెలుగు కూడా మా దాకా రాలేనంత దూరంలో ఉందంటారు. కిరాణా కొట్టులో 'అప్పు రేపు' బోర్డు లాంటి వ్యవహారం. ఇన్‌ఫ్లేషన్‌ను కట్టినవాళ్లలో ఒకడైన స్టైన్‌హార్ట్ గోలా అదే: జరగగలిగేదంతా ఎక్కడో ఒకచోట జరుగుతుందంటే ఇక మీరు తప్పని తేలేదెలా?

'అఖిలాండకోటి బ్రహ్మాండనాయకా' అని రోజూ దండం పెట్టుకునే మా పెద్దనాన్న ఇందులో కొత్తేముందంటాడు. ఆయన్ని రుజువెవరూ అడగరు. సైన్సు చొక్కా తొడుక్కొచ్చారు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాం.

అసలు పని చెబుతాను. మావాడికి పదో తరగతి ప్రీఫైనల్ లెక్కల్లో 31 వచ్చాయి. "ఇంకో విశ్వంలో పాసయ్యాను నాన్నా" అంటున్నాడు. ఆ మార్కుల మెమో జిరాక్స్ ఒకటి అటెస్ట్ చేయించి పంపగలరు. గెజిటెడ్ ఆఫీసరు ఏ విశ్వం వారైనా ఫర్వాలేదు.

ఇట్లు,
ఈ బుడగలోని ఒక తండ్రి