ఆపి, ఆన్ చేశారా?

ల్యాప్‌టాప్‌లో వైఫై రాకపోవడం సాంకేతిక సమస్య అనుకునే అమాయకులు ఇంకా కొందరున్నారు. కాదండీ, అది పరిపాలనా సమస్య. అందుకే కారణం జోలికి పోకుండా ఆపి ఆన్ చేస్తాం, రాకపోతే ఇంకాస్త గట్టిగా ఆపి ఆన్ చేస్తాం. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినా అదే మాట. చేశామండీ అంటే, "నా కోసం ఇంకొక్కసారి చేయండి సార్" అంటారు. అంత ఆప్యాయంగా అడిగితే ఎవరు కాదంటారు? నెట్ కనెక్షన్ డబ్బా మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలుగుతోందంటే ఫైబర్‌లో సిగ్నలే రావట్లేదని, బహుశా వీధిలో ఎవరో తవ్వేశారని అర్థం. అయినా సరే, ఇంట్లో ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అవుతూనే ఉంటుంది.

విండోస్‌లో ట్రబుల్‌షూటర్ అని ఒక విచారణ సంఘం ఉంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. కాసేపు తిరిగి, సమస్య ఏమిటో గుర్తించలేకపోయామని తేల్చేస్తుంది. గడువు పెంచమనదు, టీఏ డీఏ అడగదు, నివేదిక దాచిపెట్టదు. మన దేశంలో ఇంతకంటే త్వరగా పని ముగించిన కమిషన్ ఏదైనా ఉంటే చెప్పండి.

ల్యాప్‌టాప్ కూడా తక్కువది కాదు. రౌటర్ దానికి ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని చిరునామా, ఇవ్వకపోతే ఊరుకోదు, 169.254తో మొదలయ్యే నంబరు ఒకటి తనకు తానే పెట్టేసుకుంటుంది. అనుమతి లేని లేఅవుట్‌లో ఇల్లు కట్టేసి, గేటు మీద డోర్ నంబరు సొంతంగా పెయింట్ చేసుకున్నట్టు. ఆ నంబరుతో నెట్ రాదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ రిలీజ్ (ipconfig /release), తర్వాత రెన్యూ (ipconfig /renew) కొడితే చాలాసార్లు అసలు అడ్రస్ వస్తుంది. అక్రమ లేఅవుట్లని క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్ లాంటిదే, కాకపోతే ఫీజు లేనిది అన్నమాట, అందుకే ఎవరికీ దాని మీద గౌరవం లేదు.

ఇక రౌటర్ ఎక్కడుండాలన్నది వాస్తు నిర్ణయిస్తుంది. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెడితే సిగ్నల్ అన్ని గదులకీ అందుతుంది గానీ హాల్లో అసహ్యంగా కనిపిస్తుందట. కాబట్టి నైరుతి గదిలో స్టీలు బీరువా వెనక. ఆ ఇనుమునీ రెండు కాంక్రీటు గోడల్నీ దాటుకుని 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వంటింటి పక్క గదికి చేరేసరికి దానికి ఊపిరే ఉండదు. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అయితే ఎలాగోలా చేరుతుంది, కానీ మైక్రోవేవ్ ఒవెన్ పనిచేసేది కూడా ఇంచుమించు అక్కడే, అంటే 2.45 దగ్గర. అత్తయ్యగారు నిన్నటి పులిహోర వేడి చేస్తున్నంతసేపూ అల్లుడి మీటింగ్‌లో మేనేజర్ నోరు తెరిచి అలాగే నిలబడిపోతాడు. అల్లుడు రీస్టార్ట్ కొడతాడు, ఈలోపు పులిహోర వేడెక్కుతుంది, నెట్ వచ్చేస్తుంది. రీస్టార్ట్ మహిమ మరోసారి రుజువైనట్టే!

అసలు తెలుసుకోవాల్సింది ఒక్కటే: తెగింది ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్యనా, రౌటర్‌కీ బయటికీ మధ్యనా? అదే వైఫై మీద ఫోన్లో వస్తుంటే తప్పు చాలావరకు ల్యాప్‌టాప్‌దే, డ్రైవర్ (వైఫైని నడిపించే సాఫ్ట్‌వేర్) చూడాలి, లేదా కరెంటు ఆదా పేరుతో ల్యాప్‌టాపే తన వైఫైని పడుకోబెడుతోందేమో చూడాలి. ఇంత చిన్న పరీక్షకి కావలసిన ఫోను ఎవరో ఒకరి చేతిలో రీల్స్ చూపిస్తూ ఉంటుంది, అడిగితే ఇల్లు రణరంగం.

అందుచేత ప్రభుత్వం వెంటనే ఒక జీవో తేవాలి. "నెట్ రావట్లేదు" అని ఇంట్లో ఎవరు అరిచినా ముందు డబ్బా మీది లైటు రంగు, ఫోన్లో వస్తోందో లేదో, ఒవెన్ ఆన్‌లో ఉందో లేదో తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. గెజిటెడ్ అధికారి ధృవీకరణతో మూడు కాపీలు జత చేశాకే ప్లగ్గు మీద చెయ్యి వెయ్యనివ్వాలి.