బయోటెక్నాలజీ డిగ్రీ: పాఠం హనుమకొండలో, ప్రశ్న పత్తి చేనులో

జూన్ మొదటి వారంలో మిరుగు దగ్గర పడుతుండగా ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఎన్నో రైతు కుటుంబాలు రెండు ఎంపికలను ఇంచుమించు ఒకే రోజుల్లో చేస్తాయి. తండ్రి విత్తనాల దుకాణం ముందు నిలబడి ఏ కంపెనీ పత్తి ప్యాకెట్ తీసుకోవాలో తేల్చుకోలేక నలుగురినీ అడుగుతుంటాడు. బైపీసీ పూర్తిచేసిన కూతురు మీసేవ కేంద్రంలో కూర్చుని డిగ్రీ ప్రవేశాలకు దోస్త్ వెబ్ ఆప్షన్లు పెడుతుంటుంది. ఆమె జాబితాలో పైన ఉన్న బయోటెక్నాలజీకి, ఆయన చేతిలోని ప్యాకెట్ మీద, పురుగును తట్టుకునే జన్యువు చేర్చిన విత్తనమని చెప్పే బీటీ అనే రెండక్షరాలకు ఉన్న చుట్టరికం ఇంటర్ రెండో సంవత్సరం వృక్షశాస్త్ర పుస్తకంలో కొద్ది పేరాల్లో ఉంటుంది. మూడేళ్ల డిగ్రీ తర్వాత కూడా అది ఆ కొద్ది పేరాల దగ్గరే ఆగిపోవడం ఈ కోర్సులోని అసలు లోపమని నా అభిప్రాయం. ఉద్యోగాలు లేవన్న ఫిర్యాదు దాని తర్వాతి మాట.

నేను చూసినంతలో బయోటెక్నాలజీని మొదటి కోరికగా ఎంచుకునే విద్యార్థులు మన జిల్లాల్లో తక్కువ. నీట్ ర్యాంకు ఎంబీబీఎస్‌కు చాలక, వ్యవసాయ, పశువైద్య కోర్సుల్లోనూ సీటు అందక, మరో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కు ఇంట్లో డబ్బు సర్దుబాటు కాక, మామూలు బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) కంటే పేరున్న కోర్సు కదా అన్న లెక్కతో చేరేవారే ఎక్కువగా కనిపిస్తారు. ఒక నిరాశ తర్వాత ఎంచుకున్న చదువు కాబట్టి దానిమీద పెట్టుకునే ఆశ కూడా పెద్దదే. నయీంనగర్, కిషన్‌పుర దారుల్లోని హోర్డింగులు ఆ ఆశను బాగానే పసిగట్టాయి. తెల్లకోటు, చేతిలో పరీక్షనాళిక, వెనక మెలితిరిగిన డీఎన్ఏ నిచ్చెన లేని కాలేజీ కరపత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు. ఆ నిచ్చెన చాలాసార్లు ఎడమవైపు తిరిగి ఉంటుంది. మన కణాల్లోని డీఎన్ఏ సాధారణంగా కుడివైపు తిరుగుతుందని మొదటి సెమిస్టర్‌లోనే చెబుతారు గానీ, కరపత్రం అచ్చువేసే చోటికి ఆ పాఠం చేరినట్టు లేదు.

కరపత్రంలో తప్పనిసరిగా కనిపించే మరో మాట జీనోమ్ వ్యాలీ. హైదరాబాద్ పక్కన శామీర్‌పేట ప్రాంతంలో 1999లో రూపుదిద్దుకున్న ఆ పారిశ్రామిక క్షేత్రాన్ని చూసి గర్వపడటానికి కారణాలు ఉన్నాయి. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే తొలి రీకాంబినెంట్ (జన్యు మార్పిడితో చేసిన) హెపటైటిస్-బి టీకాను తెచ్చి, అంతకుముందు సామాన్యుడికి అందని టీకా ధరను నేలకు దించింది. 1996లో మొదలైన భారత్ బయోటెక్ తయారుచేసిన కొవాగ్జిన్‌కు 2021 జనవరిలో అత్యవసర వినియోగ అనుమతి లభించింది. ఇవన్నీ నిజాలే. అయితే ఆ సంస్థల పరిశోధన విభాగాల తలుపు ఎమ్మెస్సీ, పీహెచ్‌డీలకు తెరుచుకున్నంత సులువుగా బీఎస్సీకి తెరుచుకోదన్న నిజాన్ని కరపత్రం చెప్పదు. డిగ్రీతో వెళ్లినవారికి తయారీ విభాగంలోనో, నాణ్యత పరీక్షల విభాగంలోనో, ప్యాకింగ్‌లోనో చోటు దొరుకుతుంది, అక్కడా బీఫార్మసీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినవారితో పోటీ పడాలి. మిగిలినవారిలో చాలామంది హైదరాబాద్ చేరి, రోగాలకు, చికిత్సలకు సంకేతాలు వేసే మెడికల్ కోడింగ్ నేర్చుకుంటారు. అది గౌరవంగా బతకగలిగే పనే. కాకపోతే దానికి కావలసింది శరీర నిర్మాణ శాస్త్రం, రోగాల పేర్లు, ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకునే నేర్పు. మూడేళ్లు చదివిన, డీఎన్ఏను కత్తిరించే రెస్ట్రిక్షన్ ఎంజైములు అక్కడ ఎందుకూ కొరగావు.

కాబట్టి బయోటెక్నాలజీ బీఎస్సీని పీజీతో కలిపి ఐదేళ్ల చదువులో మొదటి సగంగా చూడాలని తల్లిదండ్రులకు ముందే చెప్పడం న్యాయం. రెండో సగానికి దారులు లేకపోలేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, ఐఐటీలకు జామ్, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సహాయంతో నడిచే పీజీ కోర్సులకు గ్యాట్-బి ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. జామ్ బయోటెక్నాలజీ పేపర్‌లో జీవశాస్త్రంతో పాటు ఇంటర్ స్థాయి గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం కూడా అడుగుతారు. పదో తరగతితోనే లెక్కలకు నమస్కారం పెట్టి బైపీసీలో చేరిన విద్యార్థికి ఈ సంగతి డిగ్రీ చివరి ఏడాదిలో తెలుస్తుంది. అప్పటికి చేయగలిగింది తక్కువ. మొదటి సంవత్సరంలోనే వారానికి రెండు గంటలు గణితం, గణాంకశాస్త్రం చెప్పే ఏర్పాటు ఒక్కటి ఉంటే ఎంతమంది గట్టెక్కేవారో అనిపిస్తుంది.

ఈ గణితమే మన ఊళ్లో ఒకే శాస్త్రానికి రెండు గుమ్మాలు పెట్టింది. హనుమకొండ నుంచి కాజీపేటకు వెళ్లే దారిలో, 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన ఎన్ఐటీలో బయోటెక్నాలజీ బీటెక్ ఉంది, దానికి జేఈఈ మెయిన్ రాయాలి కాబట్టి బైపీసీ వారికి ప్రవేశం లేదు. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో డిగ్రీ కాలేజీల్లో అదే పేరుతో బీఎస్సీ ఉంది, అక్కడ జీవశాస్త్రం తెలిసినవారు ఉంటారు గానీ చాలాచోట్ల పరికరాలు ఉండవు. ఒకచోట లెక్కలు వచ్చినవారు కణం గురించి మొదటి నుంచి నేర్చుకుంటుంటే, మరోచోట కణం తెలిసినవారు పరికరం బొమ్మను రికార్డులో గీసుకుంటుంటారు. వేసవి సెలవుల్లో ఆ ప్రయోగశాలల్ని పదిహేను రోజులు డిగ్రీ విద్యార్థులకు తెరిస్తే ఎన్ఐటీకి పోయేదేమీ లేదు.

సబ్జెక్టుల కలయిక విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఇంటర్మీడియట్ జనరల్ కోర్సుల్లో బయోటెక్నాలజీ అనే సబ్జెక్టు లేదు, కాబట్టి ఆ పేరుతో జూనియర్ లెక్చరర్ పోస్టు కూడా లేదు, ఉన్నవి బోటనీ, జువాలజీ పోస్టులు. సర్కారు కొలువు మీద ఇంట్లో అందరూ ఆశ పెట్టుకున్న పిల్ల, బయోటెక్నాలజీతో పాటు బోటనీనో జువాలజీనో ఉన్న కలయికను తీసుకోవడం మేలు. నోటిఫికేషన్ వచ్చిన తర్వాత అర్హతల నిబంధన చదువుకుని కంగారు పడటం కంటే, ఆప్షన్లు పెట్టేరోజే పాత నోటిఫికేషన్ ఒకటి తీసి చూసుకోవడం తేలిక.

ఇక ప్రాక్టికల్స్ సంగతి. రాష్ట్రంలో 2016లో వచ్చిన సీబీసీఎస్ (ఎంపిక ఆధారిత క్రెడిట్) విధానంలో సైన్స్ సబ్జెక్టు పేపర్‌కు థియరీకి 4 క్రెడిట్లు, ప్రాక్టికల్‌కు 1 క్రెడిట్ ఇచ్చారు. చేత్తో చేసి నేర్చుకోవలసిన విద్యలో చేతికి దక్కిన వాటా అయిదో వంతు. ఆ వాటా కూడా చాలాచోట్ల సీనియర్ల రికార్డు చూసి రాసుకోవడంతో తీరిపోతుంది. ఆటోక్లేవ్‌లో 15 పౌండ్ల ఒత్తిడి, 121 డిగ్రీల వేడి, 15 నిమిషాల సమయం అని కంఠతా వచ్చిన విద్యార్థి, ఆటోక్లేవ్ మూత స్వయంగా బిగించి ఉండడు. నేను ప్రాక్టికల్ పరీక్షలు పెట్టడానికి వెళ్లిన ఒక ప్రైవేటు కాలేజీలో, డీఎన్ఏ ముక్కకు లక్షల ప్రతులు తీసే పీసీఆర్ యంత్రం ఉంది. దానిమీద ప్లాస్టిక్ తొడుగు, కొన్ననాటి స్టిక్కర్ చెక్కుచెదరకుండా ఉన్నాయి. తనిఖీ బృందం వచ్చినప్పుడు చూపించడానికి కొన్నామని అక్కడి అధ్యాపకుడు మొహమాటం లేకుండానే చెప్పాడు. దాన్ని నడపడానికి కావలసిన ఎంజైముకు, ప్రైమర్లకు (చిన్న డీఎన్ఏ తునకలకు) డబ్బు ఎవరిస్తారని ఆయన ఎదురు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ ప్రశ్నను తేలికగా తీసిపారేయలేం. ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో చాలావాటికి ఫీజు రీయింబర్స్‌మెంటే ప్రధాన ఆదాయం. బకాయిలు పేరుకుపోయి 2024 అక్టోబరులో రాష్ట్రవ్యాప్తంగా అవి బంద్‌కు దిగిన సంగతి తెలిసిందే. జీతాలే నెలల తరబడి నిలిచిపోయినచోట మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచవలసిన ఎంజైము కొనమంటే కరెంటు బిల్లు గుర్తుకొస్తుంది. అయినా డబ్బు లేకపోవడం ఒక్కటే కారణమంటే ఒప్పుకోలేను. ఉల్లిగడ్డ, ఉప్పు, గిన్నెలు తోమే ద్రవం, చల్లటి ఆల్కహాల్ ఉంటే డీఎన్ఏ పోగుల్ని కంటికి కనబడేలా తీయవచ్చు. సూక్ష్మజీవుల్ని పెంచే పోషక ద్రావణాన్ని చిన్న మోతాదులో శుద్ధి చేయడానికి వంటింటి ప్రెషర్ కుక్కర్ సరిపోతుంది. ఇంతకంటే పెద్ద ప్రయోగం కాలేజీ గోడల బయట, ఎలాంటి ఖర్చూ లేకుండా, రెండు దశాబ్దాలుగా నడుస్తోంది.

ఆ ప్రయోగం పత్తి. 1997-98 సీజన్‌లో పురుగు విరుచుకుపడి, కొట్టిన మందు పనిచేయక, అప్పులు తీర్చే దారి లేక వరంగల్ రైతులు ప్రాణాలు తీసుకున్న రోజులు ఇక్కడి పెద్దవాళ్లు ఇంకా మరచిపోలేదు. ఆ గాయం పచ్చిగా ఉండగానే 2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతినిచ్చింది. నేలలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా నుంచి తీసిన జన్యువు మొక్కలో ఒక ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. కాయతొలుచు పురుగు కడుపులోని క్షార గుణం వల్ల అది చైతన్యవంతమై, పేగు గోడ మీది గ్రాహకాలకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. మొదట ఒక్క జన్యువుతో, 2006 నుంచి రెండు జన్యువులతో విత్తనాలు వచ్చాయి. పచ్చపురుగు అదుపులోకి వచ్చింది, మందుల ఖర్చు కొన్నేళ్లు తగ్గింది. ఆ తర్వాత గులాబీ రంగు పురుగు రెండు ప్రొటీన్లనూ తట్టుకోవడం నేర్చుకుంది.

ఎలా నేర్చుకుందన్న ప్రశ్నలో బయోటెక్నాలజీ విద్యార్థి చదివే జన్యుశాస్త్రం సగం వరకు ఇమిడి ఉంది. చాలా ఏళ్లపాటు 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల బీటీయేతర విత్తనం విడిగా ఇచ్చేవారు. చేను చుట్టూ దాన్ని వేస్తే, బీటీ సోకని పురుగులు అక్కడ బతికి, చేనులో మిగిలిన, బీటీని తట్టుకునే నిరోధక పురుగులతో జతకట్టి, నిరోధక జన్యువును పలచన చేస్తాయన్నది లెక్క. క్లాసులో నల్లబల్ల మీద, ఒక జనాభాలో జన్యువుల నిష్పత్తిని లెక్కగట్టే హార్డీ-వైన్‌బర్గ్ సమీకరణం రాసేటప్పుడు చెప్పవలసిన ఉదాహరణ ఇదే. రైతుకు మాత్రం ఆ చిన్న ప్యాకెట్ ఎందుకిచ్చారో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పురుగును పిలిచి అన్నం పెట్టడమెందుకని గట్టు మీద పారేసినవారే ఎక్కువ. దీనికి తోడు మన దగ్గర వేసేవి దాదాపు అన్నీ హైబ్రిడ్లే. హైబ్రిడ్ మొక్కలో బీటీ జన్యువు సాధారణంగా ఒకే ప్రతిగా ఉంటుంది కాబట్టి మెండెల్ చెప్పిన నిష్పత్తి ప్రకారం ఒకే కాయలోని గింజల్లో కొన్నింటికి ఆ ప్రొటీన్ విషం ఉంటుంది, కొన్నింటికి ఉండదు. గింజ నుంచి గింజకు పాకే గులాబీ పురుగుకు ఇంతకంటే మంచి శిక్షణ శిబిరం దొరకదు. పంటను ఫిబ్రవరి, మార్చి దాకా చేనులోనే ఉంచడంతో దానికి మరికొన్ని తరాల సమయమూ చిక్కింది.

ఇదంతా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పని, బీఎస్సీ విద్యార్థికి దీనితో ఏం సంబంధమని కొందరు అధ్యాపకులు నాతో వాదించారు. విత్తనం రూపొందించడం, సిఫార్సులు చేయడం వారి పనేనని ఒప్పుకుంటాను. ఉల్లికోడు పురుగును తట్టుకునే వరి రకాలను జగిత్యాల, వరంగల్ పరిశోధన కేంద్రాలు తయారుచేసి ఈ ప్రాంతానికి చేసిన మేలు చిన్నది కాదు. అయితే నిరోధకత ఎలా పుడుతుందో కొలిచి చూడటం జీవశాస్త్రం చదివే ప్రతి విద్యార్థి పని. అనుమతి లేని, గడ్డిమందును తట్టుకునే పత్తి విత్తనాలు ఏటా పట్టుబడుతున్న ప్రాంతంలో, ఆకు ముక్కను నలిపి కాగితపు స్ట్రిప్ ముంచితే బీటీ ప్రొటీన్ ఉందో లేదో నిమిషాల్లో తేలే పరీక్షను డిగ్రీ విద్యార్థులు ఒక్కసారైనా చేసి చూడకపోవడాన్ని ఏ సిలబస్ పేరుతోనూ సమర్థించలేం. ప్రతిరక్షకం (యాంటీబాడీ), ప్రతిజనకం (యాంటీజెన్) అన్న ఇమ్యునాలజీ పాఠం మొత్తం ఆ స్ట్రిప్ మీది గీతలోనే ఉంది. 2020లో ఊరూరా కరోనాకు వాడిన యాంటీజెన్ కిట్ పనిచేసిన పద్ధతి కూడా అదే.

పత్తి ఒక్కటే అని కాదు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చి ఉంది, నిజామాబాద్, జగిత్యాల పసుపు ఉంది. దుంపతో నాటే పసుపులో రోగం లేని విత్తనం కోసం కణజాల వర్ధనం (టిష్యూ కల్చర్) ఎంత అవసరమో అక్కడి రైతుకు తెలుసు. అయినా ఆ పాఠం మన క్లాసుల్లో ఇంకా క్యారెట్ ముక్క బొమ్మతోనే మొదలవుతుంది.

ఇందుకు కొత్త కోర్సు, కొత్త భవనం అవసరం లేదు. మూడో ఏడాది ప్రాజెక్టు పేరుతో ఇంటర్నెట్ నుంచి దింపుకుని బైండింగ్ చేయించి ఇచ్చే పుస్తకం స్థానంలో, అక్టోబరు, నవంబరు నెలల్లో విద్యార్థులు తమ ఊరి చేనులో, మగ పురుగుల్ని వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టలు పెట్టి, రోజూ పడిన గులాబీ పురుగు రెక్కల పురుగుల్ని లెక్కించవచ్చు. వరుసగా మూడు రోజులు బుట్టకు రోజుకు 8 చొప్పున పడితే మందు కొట్టే సమయం వచ్చినట్టని వ్యవసాయ శాఖ చెబుతుంది. గుడ్డి పూలు (పురుగు పట్టి విచ్చుకోనివి) ఎన్ని, పుచ్చిన కాయలు ఎన్ని, ఆ మొక్క ఆకులో స్ట్రిప్ మీద గీత వచ్చిందా లేదా అన్నవి ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే, ఆరు ఊళ్ల నుంచి వచ్చిన ఆరుగురు విద్యార్థుల పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూడటానికి ఒక మధ్యాహ్నం సరిపోతుంది. ప్రాక్టికల్ పరీక్షకు వెళ్లినప్పుడు అలాంటి పుస్తకం ఒక్కటి నా ముందుకు వచ్చినా, రికార్డు అట్ట తెరవకుండానే మార్కులు వేసి వస్తాను.