మాస్టారి జేబులో ఉండిపోయిన కాగితం

మొన్న మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో ఏం జరిగిందో మీరందరూ చూశారు. యువతకు మార్గదర్శనం అని పెట్టిన కార్యక్రమంలో లైఫ్ కోచ్ గారికి ముప్పావుగంట ఇచ్చాం. తర్వాత, అమలాపురం దగ్గర హైస్కూల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి, కూతురిని చూడ్డానికి వచ్చిన ఒక మాస్టారిని వేదిక మీదికి పిలిచాం. శాలువా కప్పాం. ఆయన నోరు తెరిచేలోపే భోజనాలు చల్లారిపోతున్నాయని మైకు తీసేసుకున్నాం. రూళ్ల కాగితం ఒకటి నాలుగు మడతలు పెట్టి తెచ్చుకున్నారాయన. విప్పకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నారు. ఆ రాత్రి ఆత్రేయపురం పూతరేకు నాకు గొంతు దిగలేదు.

కోచ్ గారి మీద నాకు కోపం లేదు. ఆవిడ చెప్పినవి పనికొచ్చే మాటలే. కోచ్ జవాబు చెప్పరు, మన జవాబు మన నోటితోనే చెప్పిస్తారు. మెంటర్ ఆ దారిన మనకంటే ముందు నడిచి, ఎక్కడ కాలు జారుతుందో తెలిసినవారు. పిల్లలకి ఇద్దరూ కావాలి. కానీ అది హాలు నిండా జనం ముందు ముప్పావుగంటలో తేలే పని కాదు.

మాది గోదారి వైనతేయ పాయలో లంక. నేను పదో తరగతి లెక్కల్లో తప్పితే, ఎందుకు తప్పావని ఇంటిల్లిపాదీ అడిగారు. మా లెక్కల మాస్టారు అవతలి ఒడ్డు నుంచి పడవ దాటి వచ్చి, పెరట్లో కొబ్బరికాయలు వలుస్తున్న చోట నా పక్కన గొంతుక్కూర్చుని, “ఎక్కడ ఆగిపోయావురా?” అన్నారు. ఏడో తరగతి భిన్నాల దగ్గరే ఆగిపోయానని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆయన పుస్తకం తెరవలేదు. చెట్టెక్కి కాయలు దింపే దింపు కూలి ఎంత, వలుపు కూలి ఎంత, వెయ్యి కాయలకి వచ్చిన దాంట్లో ఎన్నోవంతు నాన్నకి మిగిలింది, అన్నీ నాచేత కట్టించారు. వేసవంతా వచ్చారు. ఆఖరి పడవ తప్పిపోతే మా అరుగు మీదే పడుకునేవారు. గోదారికి ఎర్రనీరు వచ్చి పడవలు ఆగిపోయినన్నాళ్లూ లెక్కలు నేనొక్కణ్ణే చేసుకున్నాను. నీళ్లు తీశాక వచ్చి, నా జవాబులు చూడలేదు. “ఇది నాకు చెప్పు” అని ఎదురుగా కూర్చున్నారు. చెప్పగలిగాను.

మన ఊళ్లలో గురువులంతా ఇలాగే ఉండేవారని నేననను. అదే బళ్లో ఇంకొకరి బెత్తానికి భయపడి నా పక్క బెంచీవాడు చదువు మానేశాడు. ఇప్పటికీ దింపుకే వెళ్తున్నాడు. పక్కింటి పిల్లాడితో పోల్చడం, వాళ్ల కోర్సు మనమే తేల్చేయడం కూడా అక్కడి నుంచే మూటకట్టి తెచ్చుకున్నాం. వాటిని వదిలించుకోవాల్సిందే.

బ్యాడ్మింటన్ ఆడే మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్‌ని చూడండి. తండ్రి వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశారు. గోపీచంద్ అకాడమీలో ఆడుతుండగా, మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్ అతన్ని చిరాగ్ శెట్టితో జత చేశారు. ఇద్దరూ కోర్టు వెనక నుంచి బలంగా కొట్టేవాళ్లే. ఆ జత 2022లో థామస్ కప్ గెలిచిన జట్టులో ఉంది, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. కోర్టు పక్కన రోజూ నిలబడి చూసేవాళ్లకి తప్ప అలాంటి జత తట్టదు.

కార్యవర్గానికి నా మనవి. ఆదివారం తెలుగు బడికొచ్చే పెద్దపిల్లలు ఎంతమందో, అంతమంది పెద్దల్ని అడగండి. ఒకరికి ఒకరు, నెలకి రెండు గంటలు, ఏడాదిపాటు. సలహా కంటే ముందు ప్రశ్న వేయాలి. పిల్లలు చెప్పుకున్నది అమ్మానాన్నలకి మోయకూడదు. మొదటి పేరు నాది రాసుకోండి.

పోయిన ఆదివారం, మనం శాలువా కప్పిన ఆ మాస్టారి కూతురింటికి వెళ్లి, ఆయన్ని ఆ కాగితం చూపించమన్నాను. అందులో ఉపన్యాసం లేదు. పిల్లల్ని అడగాలని రాసుకున్న ఏడు ప్రశ్నలున్నాయి. మొదటిది, “ఈ వారం ఏ పని సగంలో వదిలేశావమ్మా?” ఆయన ఇంకా మూడు వారాలు ఇక్కడే ఉంటారు.