ఆ చీరను ఒక్కసారి తిప్పి చూపించండి

మా పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. తెనాలిలో మేడ మీద ఉంటుంది. మెట్లు దిగి బజారుకు వెళ్లడం మానేసి నాలుగేళ్లయింది. ఒకప్పుడు చీర కొనాలంటే కొట్లో పరుపు మీద కూర్చుని ముప్పై చీరలు విప్పించేది. కొంగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపేది. రంగు సరిగ్గా తెలియాలని గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూసేది. అప్పుడు గానీ బేరం మొదలయ్యేది కాదు. ఇప్పుడు మధ్యాహ్నం భోజనమయ్యాక టీవీలో షాపింగ్ ఛానల్ పెట్టుకుంటుంది.

పోయిన వేసవిలో అలా చూసి నాలుగు ‘సిల్క్’ చీరల సెట్టు తెప్పించుకుంది. పార్సిల్ వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. పై చీర మడత విప్పగానే కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చింది. పెద్దమ్మ అలవాటుగా కొంగు నలిపి చూసింది. ఏమీ అనలేదు. కాసేపాగి, “టీవీలో ఇలా లేదే” అంది.

చీర చివర వేలాడుతున్న పోగు ఒకటి లాగి అగ్గిపుల్లతో అంటించాను. పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్లతో నలిపితే పొడైపోతుంది. నూలు అయితే కాగితం కాలిన వాసన. ఇది ముడుచుకుపోయి, కరిగి, చివర నల్లపూసలా గట్టిపడింది. పాలిస్టర్.

పాలిస్టర్ చీర కట్టడం తప్పని నేననను. ఇస్త్రీ అక్కర్లేదు, తొందరగా ఆరుతుంది, ధర తక్కువ. రోజూ బస్సెక్కి ఉద్యోగానికి వెళ్లే ఎంతోమందికి అదే సౌకర్యం. నా కోపమంతా దానికి పెట్టే పేరు మీద. ఆర్ట్ సిల్క్, లిచీ సిల్క్, డోలా సిల్క్, సాఫ్ట్ సిల్క్... యాంకర్ నోట గంటకు యాభైసార్లు వినిపించే ఈ పేర్లలో పట్టు ఎంత ఉందో చెప్పేది ఒక్కటీ లేదు. ఆర్ట్ అంటే కళ అనుకుంది మా పెద్దమ్మ. ఆర్టిఫిషియల్ అన్న మాటను కత్తిరిస్తే మిగిలిన ముక్క అది. నిజంగా పట్టయితే చూపించడానికి సెంట్రల్ సిల్క్ బోర్డు 2004లో తెచ్చిన సిల్క్ మార్క్ ఉంది. ఆ ట్యాగును కెమెరా ముందు పెట్టడానికి పది సెకన్లు చాలు.

పేరులో ఏముందిలే అనుకోవడానికి లేదు, ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. మామూలు వాతావరణంలో పత్తి తన బరువులో దాదాపు 8.5 శాతం తేమను పట్టి ఉంచుతుంది. పట్టు 11 శాతం దాకా పట్టి ఉంచుతుంది. పాలిస్టర్ పట్టేది 0.4 శాతమే. అందుకే మే నెలలో విజయవాడలోనో ఖమ్మంలోనో పెళ్లి పందిట్లో నూలు చీరో పట్టు చీరో కట్టిన మనిషికి చెమట ఆరుతుంది, పాలిస్టర్ కట్టిన మనిషికి వీపు మీదే నిలుస్తుంది. ఏసీ స్టూడియోలో నిలబడ్డ మోడల్‌కు ఆ బాధ లేదు. చూసే మనకూ అది కనిపించదు.

స్టూడియో లైట్ల సంగతి వేరే చెప్పాలి. నున్నటి సింథటిక్ బట్ట మీద పెద్ద లైటు పడితే మెరుస్తుంది, ఆ మెరుపు టీవీలో పట్టు మెరుపులాగే ఉంటుంది. నూలు చీర ఆ లైట్ల కింద వెలవెలబోతుంది. అంటే కెమెరా ముందు గెలిచే బట్ట వేరు, ఇంట్లో కట్టుకోవడానికి పనికొచ్చే బట్ట వేరు. గంటలో ఎన్ని సెట్లు అమ్ముడుపోయాయన్నదే లెక్క అయినప్పుడు ఛానల్ ఏ బట్టను ఎంచుకుంటుందో ఊహించవచ్చు.

నాకు మరీ బాధనిపించేది ‘పోచంపల్లి’ అన్న పేరుతో నడిచే అమ్మకం. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందుతుందన్న గుర్తింపు, వచ్చింది. అందులో నేయడానికి ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు. డిజైను పోగులోనే ఉంటుంది కాబట్టి బట్ట ముందూ వెనకా ఒకేలా కనిపిస్తుంది, పువ్వు అంచు కాస్త చెదిరినట్టు ఉంటుంది. ఆ చెదురే దాని అందం. టీవీలో చాలాసార్లు చూపించేది అదే డిజైను ప్రింటు వేసిన మరమగ్గం బట్ట. ప్రింటును వెనక్కి తిప్పితే రంగు వెలిసినట్టు ఉంటుంది. అరగంట కార్యక్రమంలో కొంగు చూపిస్తారు, అంచు చూపిస్తారు, గాల్లో ఎగరేస్తారు. తిప్పి మాత్రం చూపించరు. ‘పోచంపల్లి ప్రింట్’ అంటే ఒక మాట. ‘ప్రింట్’ను మింగేసి ‘పోచంపల్లి’ అంటే మాత్రం నెలల తరబడి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చునే మనిషి కూలి కొట్టేసినట్టే.

ఇక కుట్టు. సెట్టులో చీరకు జతగా వచ్చే బ్లౌజ్ పీస్ 80 సెంటీమీటర్లు. పెద్దమ్మకు మోచేతి దాకా చేతులు కావాలి, మనిషి కొంచెం భారీ. కింద వాటాలో ఉండే టైలరమ్మ టేపు వేసి చూసి, “చేతులకి చాలదు పిన్నిగారూ, వేరే బట్ట అతకమంటారా?” అంది. ఈ ఛానళ్లు మధ్యాహ్నం పూట ఎక్కువగా చూసేది పెద్దమ్మ ఈడు వాళ్లే. వాళ్లలో ఎంతమందికి 80 సెంటీమీటర్లు సరిపోతుంది? ఇంకో ఇరవై సెంటీమీటర్లు ఇవ్వడం గొప్ప ఖర్చేమీ కాదు. ఎవరి కోసం అమ్ముతున్నామో వాళ్ల ఒళ్లు తలచుకోకపోవడమే దీనికి కారణం.

కుర్తీలు ఇంకా అన్యాయం. మోడల్‌కు నడుము దగ్గర అంత చక్కగా కూర్చుందంటే వెనక క్లిప్పులు పెట్టి బిగించి ఉంటారు, అందుకే వెనక్కి తిరిగి నడవరు. సన్న సైజుకు గీసిన కొలతనే అడ్డంగా సాగదీసి డబుల్ ఎక్సెల్ అంటారు. భుజం జారిపోతుంది, చంక దగ్గర మాత్రం పట్టేస్తుంది. లోపల లైనింగ్ ఉండదు. ఎంబ్రాయిడరీ వెనక గరుకు పోగులు ఛాతీ మీద గీరుకుంటాయి. మెడ చుట్టూ రాళ్లు కుట్టినవి కావు, అతికించినవి. రెండో ఉతుకులో బకెట్ అడుగున దొరుకుతాయి. నెట్టు చేతులు, వీపు మీద కిటికీలు వద్దు, జేబు పెట్టండి చాలు అని అడిగే ఆడవాళ్లు నాకు తెలిసి బోలెడంతమంది. వాళ్ల మాట ఏ డిజైనర్ చెవిన పడిందో తెలియదు.

మన దేశంలో 2008లో హోమ్‌షాప్18 అనే టీవీ షాపింగ్ ఛానల్ వచ్చింది. ఆ తర్వాత తెలుగులోనే మాట్లాడి అమ్మే ఛానళ్లూ వచ్చాయి. కదల్లేని వాళ్లకు, ఊళ్లో మంచి కొట్టు లేని వాళ్లకు ఇది నిజంగా మేలు చేయగల ఏర్పాటు. అందుకే దీన్ని వదిలేయమని చెప్పడం నాకిష్టం లేదు.

చట్టం మనవైపే ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మినవాళ్లు వాపసు తీసుకోనని అనకూడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ‘ఇంకా కొన్ని సెట్లే మిగిలాయి’ అంటూ లేని తొందర పుట్టించడాన్ని 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మాయచేసే ఎత్తుల) మార్గదర్శకాలు తప్పని తేల్చాయి. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. కానీ పెద్దమ్మ లాంటి వాళ్లు వెయ్యి రూపాయల చీరల కోసం ఫోన్లు చేస్తూ కూర్చోరు. ఛానల్ వాళ్లేమో ఒకటి నచ్చలేదంటే కుదరదు, సెట్టు మొత్తం పంపాలన్నారు. అప్పటికే ఒకదానికి ఫాల్ కుట్టించేసింది. ఊరుకుంది. ఇలా ఊరుకునే వాళ్ల మీదే ఆ వ్యాపారం నడుస్తోందని నాకు గట్టి అనుమానం.

ఏ పోగు ఎంత శాతమో తెర మీద రాయాలి. చీరను తిప్పి చూపించాలి. బ్లౌజ్ పీస్‌ను టేపుతో కొలవాలి. కిటికీ వెలుతురులో ఒక్క నిమిషం పట్టుకోవాలి. కొట్లో కుర్రాడు అడక్కుండానే చేసే పనులివి.

ఇవన్నీ ప్రశ్నలుగా కాగితం మీద రాసి పెద్దమ్మ టీవీ పక్కన అంటించి వచ్చాను. పోయిన వారం ఒక చీర నచ్చి ఫోన్ చేసిందట. “ఇది ఏ బట్ట అమ్మా, నూలా, పాలిస్టరా?” అని అడిగితే, “ప్రీమియం క్వాలిటీ మేడం” అందట అవతలి అమ్మాయి. పెద్దమ్మ మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు. మూడోసారి అడిగి, ఫోన్ పెట్టేసిందట.