ఆస్టిన్ అణు ప్లాంటును వదిలించుకుందా?

"టెక్సస్‌లో ఆస్టిన్ జనం ఓటేసి అణు ప్లాంటును వదిలించుకున్నారు, కోర్టులో గెలిచి పరిహారం రాబట్టారు, ఇప్పుడు ప్లాంటు మొత్తం కాన్‌స్టెలేషన్ కంపెనీది." తెగ ఫార్వర్డ్ అవుతున్న మాట ఇది. ఇందులో ఓటు ఒక్కటే నిజం.

1973లో ఓటర్లు సరేనన్నాకే నగరం సౌత్ టెక్సస్ ప్రాజెక్టులో, అంటే ఈ అణు ప్లాంటులో, 16 శాతం వాటా తీసుకుంది. 1981 నవంబరులో అదే ఓటర్లు అమ్మెయ్యమన్నారు. కానీ కొనేవాడేడీ? వంద కోట్ల డాలర్ల లోపే అయిపోతుందనుకున్న ప్లాంటు ఖర్చు అప్పటికే కొండెక్కింది. ప్లాంటు కడుతున్న బ్రౌన్ అండ్ రూట్ కంపెనీని పని నుంచి తప్పించిందీ ఆ ఏడాదే. దాంతో వాటా నగరం మెడకే ఉండిపోయింది. నేటికీ 16 శాతమే.

కోర్టు సంగతికొస్తే, రెండు కేసుల్ని కలిపేశారు. బ్రౌన్ అండ్ రూట్ మీద యజమానులంతా కలిసి వేసిన దావా 1985లో 75 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. పరిహారం అంటే అదే, తీర్పు కాదు. ఆస్టిన్ విడిగా, 1983లో, నిర్మాణం చూసుకున్న తోటి భాగస్వామి హ్యూస్టన్ లైటింగ్ అండ్ పవర్ మీద నిర్వహణ లోపమంటూ వేసిన కేసులో 1989లో డాలస్ జ్యూరీ ముందు ఓడిపోయింది. అప్పీలు కూడా నిలవలేదు.

"2021 ఫిబ్రవరి చలిలో ఆస్టిన్ చీకటైంది ఈ ప్లాంటు వల్లే" అని కొందరు తోక తగిలిస్తున్నారు. నీటి పంపు ఒత్తిడిని కొలిచే సన్నటి గొట్టం గడ్డకట్టి మొదటి యూనిట్ ఆగిన మాట వాస్తవమే. రెండోది నడుస్తూనే ఉంది. ఆ రాత్రి గ్యాస్, బొగ్గు, గాలిమరలు అన్నీ తడబడ్డాయి. రాష్ట్రమంతా కోతలు పెట్టించింది గ్రిడ్ నడిపే ఎర్కాట్.

ఇక "మొత్తం కాన్‌స్టెలేషన్‌ది" అనే మాట. ఎన్ఆర్‌జీ అనే విద్యుత్ కంపెనీ దగ్గరున్న 44 శాతాన్ని 2023లో ఆ కంపెనీ 175 కోట్ల డాలర్లకు కొన్నది, అంతే. అప్పటికి శాన్ ఆంటోనియో నగర సంస్థ సీపీఎస్ ఎనర్జీది 40 శాతం. ఎవరైనా వాటా అమ్మితే ముందు తోటి యజమానులకు కొనే అవకాశమివ్వాలన్నది పాత ఒప్పందం. ఇది కాగితం మీద ముచ్చట కాదు. 2004లో ఏఈపీ అనే విద్యుత్ కంపెనీ తన 25.2 శాతాన్ని కెనడా కంపెనీ కామెకోకు అమ్మబోతే, సీపీఎస్, అప్పటి మరో యజమాని టెక్సస్ జెన్‌కో ఈ హక్కు వాడి దాన్ని పంచేసుకున్నాయి. ఆస్టిన్ ఊరుకుంది. 2023లో మాత్రం రెండు నగరాలూ ఈ హక్కు పట్టుకునే కోర్టుకెక్కాయి. చిక్కేమిటంటే, ఎన్ఆర్‌జీ వాటాను నేరుగా అమ్మలేదు, ఆ వాటా ఉన్న అనుబంధ సంస్థనే అమ్మింది, మరి దానికి ఈ హక్కు వర్తిస్తుందా అన్నదే గొడవ. 2024లో రాజీ కుదిరింది. సీపీఎస్‌కు 2 శాతం ఇవ్వడానికి కాన్‌స్టెలేషన్ ఒప్పుకుంది, అంటే చెరో 42. ఆస్టిన్ వాటా పెరగలేదు, తగ్గలేదు. ఊళ్లో ఆస్టిన్ ఎనర్జీ బిల్లు కట్టే మనవాళ్లు ఇప్పటికీ ఆ రియాక్టర్ల కరెంటూ వాడుకుంటున్నారు.