అక్కడికక్కడే సస్పెండ్ చేస్తే మందులొస్తాయా?

"మంత్రంటే ఇలా ఉండాలి" అని ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది కదా, ఫ్యామిలీ గ్రూపులో బాబాయి పెట్టాడు, ఆఫీసు గ్రూపులో ఇద్దరు పెట్టారు, అపార్ట్‌మెంట్ గ్రూపులో అయితే ఏకంగా పిన్ చేశారు. అందులో ఉన్నవి నాలుగు ముక్కలు: ఆ శాఖ చదువు చదివినోళ్లే మంత్రి అవ్వాలి, ఫైళ్లు పక్కన పడేసి నోటిమాట మీద పని చేయించాలి, ఆకస్మిక తనిఖీకెళ్లి అక్కడికక్కడే సస్పెండ్ చేయాలి, పేషీలు, అంటే మంత్రుల సొంత ఆఫీసులు, ఎత్తేయాలి.

చదువా? కామరాజ్ బడి మధ్యలో మానేసినాయన, ముఖ్యమంత్రై మద్రాసు రాష్ట్రంలో బడిపిల్లలకి మధ్యాహ్న భోజనం పెట్టించాడు. అయిపోయింది, నెక్స్ట్.

నోటిమాట. అధికారులు నోటి ఆదేశాల మీద నడవొద్దు, రాతలో ఉండాలి అని సుప్రీంకోర్టు 2013లో టీఎస్ఆర్ సుబ్రమణియన్ కేసులో చెప్పింది. రేపేదైనా స్కాం బయటపడితే "నేనెప్పుడన్నాను" అని తప్పించుకునేది ఎవరో మీకే తెలుసు. ఫైనాన్స్ వాళ్లు కొర్రీ వేస్తే దానికి గట్టి జవాబు రాయించి మళ్లీ ఫైలు నడిపించడమే మంత్రి పనితనం.

ఇక సస్పెన్షన్. కెమెరాలతో సహా సర్కారు ఆస్పత్రికెళ్తారు, మందుల్లేవు, సూపరింటెండెంట్ సస్పెండ్, చప్పట్లు. సస్పెన్షన్ అంటే శిక్ష కాదండీ బాబూ, విచారణ తేలేదాకా పక్కన కూర్చోబెట్టడం, ఇంట్లో ఉన్నా జీవనభృతి వస్తూనే ఉంటుంది, కొన్నాళ్లకి ఇంకో ఊళ్లో పోస్టింగ్ ఇస్తారు. మరి మందులు? వాటిలో ఎక్కువ భాగం కొనేది మందుల కొనుగోలుకి సర్కారు పెట్టిన కార్పొరేషన్, సప్లయర్ల బిల్లులు ఆగితే సరుకు ఆగుతుంది, దీనికి సూపరింటెండెంట్‌ని తిడితే కరెంటు పోయిందని ఫ్యాన్‌ని కొట్టినట్టుంది. పైగా తర్వాత వచ్చినాయన నేర్చుకునేదేంటి, స్టాకు లేదని పైకి రాయకూడదు, మంత్రిగారు వచ్చే రోజుకి పక్క ఆస్పత్రి నుంచి డబ్బాలు తెచ్చి సర్దాలి, అంతే. అసలు రోగం అలా కప్పబడిపోతుంది, మీరేమో ఫైర్ ఎమోజీ పెడతారు.

తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకే ఒక కార్పొరేషన్ పెట్టింది, జిల్లాల్లో గోడౌన్లు, ఆస్పత్రికో పాస్‌బుక్, అందులో ఉన్న విలువ మేరకు మందులు తెచ్చుకోవడమే. మన ఆరోగ్యశ్రీ కూడా 2007లో ముందు మూడు జిల్లాల్లో పెట్టి చూసి తర్వాతే విస్తరించారు. ఇవన్నీ నోట్లు, మీటింగులు, జీవోలతో అయిన పనులు. పాస్‌బుక్కులో ఎంట్రీ రాస్తున్న స్టోర్‌కీపర్ మీద రీల్ ఎలా తీస్తారులెండి, ఏ బీజీఎం వేస్తారు దానికి!

తనిఖీకి వెళ్లడమే తప్పని నేననను. రిజిస్టర్లో ఉన్న మందు కౌంటర్లో లేదని తెలిసేది వెళ్తేనే. వెళ్లొచ్చాక ఏ బిల్లు ఎక్కడ ఆగిందో కదిలించాలి కదా, అది వీడియోలో ఉండదు.

పేషీల దగ్గర మాత్రం, నచ్చకపోయినా ఒప్పుకోవాలి, ఆ ఫార్వర్డ్ రాసినాయన సగం కరెక్టే. అసెంబ్లీ ప్రశ్నలకి జవాబులు, క్యాబినెట్ నోట్లు, ఏ జీవో ఏ జిల్లాలో అమలవ్వకుండా పడుందో చూడ్డం, ఇవి చేయాల్సిన చోట బదిలీల సిఫార్సు లెటర్లే ఎక్కువ. కానీ పేషీ ఎత్తేస్తే ఆ లెటర్లు పట్టుకున్న జనం ఎక్కడికెళ్తారు, పొద్దున్నే మంత్రిగారింటికే కదా.